బ్లిడా వార్డులో ఫానన్ చేసిన పని మన దవాఖానలకు ఎందుకు కావాలి

వరంగల్‌లో ఫ్రాంజ్ ఫానన్ పేరు తెలిసినవాళ్లు తక్కువేం కాదు. యూనివర్సిటీ హాస్టళ్లలో, సాహిత్య సభల్లో, సంఘాల ఆఫీసుల్లో ఆ పేరు వినబడుతూనే ఉంటుంది. పేరు రాగానే మాట మాత్రం 'ద రెచెడ్ ఆఫ్ ది ఎర్త్' మొదటి అధ్యాయం మీదికి, అంటే హింస మీదికి పోతుంది. అక్కడే ఆగిపోతుంది. ఆ పుస్తకం రాసినాయన మానసిక వైద్యుడని, పొద్దున రౌండ్లకు పోయి, కేసు షీట్లు రాసి, నర్సులతో కూర్చొని వార్డు ఎట్ల నడపాలో తల బద్దలు కొట్టుకున్నాడని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆయన ప్రభావంలో ఎక్కువ కాలం నిలిచేది, మన జిల్లా దవాఖానల్లో రేపటి నుంచే వాడుకోదగ్గది ఈ వార్డు పనే అని నా నమ్మకం. అందుకే ఈ పోస్టులో రాజకీయాలు తక్కువ, వార్డు ఎక్కువ.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఫానన్ 1925 జులై 20న కరీబియన్ సముద్రంలోని మార్టినీక్ దీవిలో పుట్టాడు. అది అప్పుడు ఫ్రాన్స్ వలస. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో చేరి గాయపడ్డాడు, పతకం కూడా అందుకున్నాడు. లియాన్‌లో వైద్యం చదివాడు. 1952లో 'బ్లాక్ స్కిన్, వైట్ మాస్క్స్' అచ్చయింది. తర్వాత సెయింట్ అల్బాన్ ఆస్పత్రిలో ఫ్రాన్సువా తోస్కెల్ దగ్గర పనిచేశాడు. 1953 నవంబరులో, అప్పటికి ఫ్రాన్స్ కిందే ఉన్న అల్జీరియాలోని బ్లిడా ఆస్పత్రికి వెళ్లాడు. ఆ మరుసటి ఏడాది స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. 1956లో రాజీనామా చేశాడు, 1957 మొదట్లో ఫ్రెంచి ప్రభుత్వం అల్జీరియా నుంచి వెళ్లగొట్టింది. పక్క దేశం ట్యునీషియా రాజధాని ట్యునిస్ చేరి అటు అల్జీరియా విముక్తి సంస్థకు, ఇటు ఆస్పత్రికి పనిచేశాడు. 1961 డిసెంబరు 6న లుకేమియాతో అమెరికాలో చనిపోయాడు. అప్పటికి 36 ఏళ్లే. అల్జీరియా మట్టిలోనే ఖననం చేశారు. బ్లిడా ఆస్పత్రికి ఇప్పుడు ఆయన పేరే.

తోస్కెల్ స్పెయిన్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కాటలాన్ డాక్టరు. రోగికి వైద్యం చేసేముందు ఆస్పత్రికి వైద్యం చేయాలనేది ఆయన పట్టు. తాళాలు, యూనిఫారాలు, పొద్దస్తమానం పనిలేకుండా గోడకు ఆనుకొని కూర్చోవడం, ఇవే మనిషిని ఇంకా పాడుచేస్తాయని చెప్పేవాడు. అందుకని రోగులు, నర్సులు, డాక్టర్లు కలిసి మీటింగులు పెట్టుకోవడం, వార్డు పత్రిక నడపడం, పనిచేయడం, పండుగలు జరుపుకోవడం చికిత్సలో భాగమయ్యాయి. మందులు, షాక్ చికిత్స వద్దని కాదు. అవి పట్టాలంటే రోగి చుట్టూ మనుషుల లోకం ఉండాలన్నది ఆ పద్ధతి.

బ్లిడాలో ఫానన్ చేతికి వచ్చినవాళ్లు రెండు గుంపులు: 165 మంది యూరోపియన్ ఆడవాళ్లు, 220 మంది అల్జీరియా ముస్లిం మగవాళ్లు. ఇంటర్న్ జాక్ అజులేతో కలిసి రెండు చోట్లా తోస్కెల్ పద్ధతే మొదలుపెట్టాడు. ఆడవాళ్ల వార్డులో కొన్ని వారాల్లోనే మార్పు కనిపించింది. క్రిస్మస్ చేసుకున్నారు, పత్రిక తెచ్చారు, ఏ సినిమా వేయాలో వాళ్లే కమిటీ వేసుకొని తేల్చుకున్నారు. మగవాళ్ల వార్డులో ఏదీ నడవలేదు. మీటింగుకు పిలిస్తే వచ్చి మౌనంగా కూర్చునేవాళ్లు. నాటకం అంటే ముందుకు వచ్చినవాడు లేడు. పత్రిక పట్టించుకున్నవాడు లేడు. బుట్టలు అల్లమంటే కాసేపు కూర్చొని లేచిపోయేవాళ్లు. ఇంతకాలం వీళ్లతో ఉన్నవాళ్లం, మాకు ముందే తెలుసు అన్నట్టు ఉండేది పాత నర్సుల వరస.

అప్పటి వైద్య శాస్త్రం కూడా ఆ నర్సుల పక్షానే ఉంది. అల్జీర్స్‌లో ఆంత్వాన్ పోరో నడిపిన మానసిక వైద్యుల బడి ఉత్తరాఫ్రికా మనిషిని పుట్టుకతోనే ఆదిమ మనస్తత్వం ఉన్నవాడిగా లెక్కగట్టింది. 1953లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అచ్చేసిన పుస్తకంలో జె.సి. కారథర్స్ ఆఫ్రికన్ మెదడును, లోబాటమీ (మెదడు ముందు భాగంలో నరాలు కోసే ఆపరేషన్) చేసిన యూరోపియన్ మెదడుతో పోల్చాడు. ఫానన్ అటు పోలేదు. ఒక వార్డులో నడిచిన పద్ధతి పక్క వార్డులో నడవలేదంటే తప్పు రోగిలో కాదు, పద్ధతిలో వెతకాలనుకున్నాడు. 1954లో అజులేతో కలిసి రాసిన వ్యాసంలో ఎక్కడ ఏది చెడిందో ఒక్కొక్కటే విప్పాడు. ఆయన రాతల్లో నాకు అన్నిటికంటే విలువైనది అదే.

రోగుల్లో ఎక్కువమందికి చదువు రాదు, మరి పత్రిక ఎవరి కోసం? వాళ్ల ఊళ్లలో కథ చెప్పేది ఊరూరా తిరిగే కథకుడు, నలుగురి ముందు నిలబడి వేషం కట్టడం మామూలు రైతు చేసే పని కాదు. బుట్టలల్లడం వాళ్ల లెక్కన ఆడవాళ్ల పని. పండుగంటే క్రిస్మస్ కాదు. డాక్టరుకు అరబ్బీ గానీ కబైలీ గానీ రాదు, మధ్యలో దుబాసీ, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ల భాషలో చెప్పేవాడు. ఆ రోగులు అంతకుముందు దుబాసీని చూసింది కోర్టులో, సర్కారు ఆఫీసులో. అక్కడ నోరు జారితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అందుకే వార్డులోనూ నోరు మెదపలేదు.

అప్పుడు పద్ధతి మార్చాడు. వార్డులో స్థానిక పద్ధతిలో కాఫీ దుకాణం తెరిచాడు. ముస్లిం పండుగలు జరిపించాడు. కథకుణ్ణి పిలిపించాడు. చేతికి పార ఇచ్చి తోట పనికి పంపాడు. ఫుట్‌బాల్ మైదానం తయారైంది. వార్డు కదిలింది.

ఇదంతా మన దగ్గరికి తెచ్చుకుంటే ఏం చేయాలి? మన జిల్లా దవాఖానల సైకియాట్రీ వార్డులైనా, స్వచ్ఛంద సంస్థల డేకేర్ సెంటర్లయినా, మొదట పట్టించుకోవలసింది దుబాసీ సంగతే. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి కోయ మాట్లాడేవాళ్లు, ఆదిలాబాద్ వైపు గోండీవాళ్లు, మహబూబాబాద్ తండాల నుంచి లంబాడీవాళ్లు, పెద్దపల్లి వైపు ఇటుక బట్టీల నుంచి ఒడియా కూలీలు వస్తారు. మామూలుగా జరిగేదేంటంటే, వెంట వచ్చిన మొగుడో, కొడుకో, దారిన పోయే వార్డ్ బాయో మధ్యలో నిలబడి చెబుతాడు. రోగి అయిదు నిమిషాలు ఏడ్చుకుంటూ చెప్పింది ఆయన నోట్లో "నిద్ర పడ్తలేదంట సార్" అయిపోతుంది. కొట్టేది ఆ మొగుడే అయితే ఆ సంగతి గది దాటి బయటికే రాదు.

చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తనో, నర్సునో ముందే మాట్లాడిపెట్టుకోవాలి. బంధువు వద్దు, పిల్లలు అసలే వద్దు, యూనిఫారం వేసుకున్నవాళ్లు వద్దు. రోగి లోపలికి రాకముందే అయిదు నిమిషాలు ఆ దుబాసీతో కూర్చొని, "కుదించకు, మంచిగా చెప్పాలని సర్దకు, 'నాకు' అన్నది 'నాకు' అనే చెప్పు" అని వివరించాలి. మూడు కుర్చీలు ముక్కోణంగా వేసి, డాక్టరు రోగి ముఖం చూస్తూ అడగాలి, దుబాసీ ముఖం కాదు. 20 నిమిషాల కేసుకు 40 నిమిషాలు పడుతుంది, ఆ టైము ఓపీలో ముందే పక్కన పెట్టుకోవాలి. లేదంటే మూడో కేసుకే పాత పద్ధతికి వస్తాం. తెలుగు మాట్లాడే రోగికి కూడా కేసు షీటులో మొదటి రెండు వాక్యాలు వాళ్ల నోటి మాటలే రాయాలి. "రంది పట్టుకుంది", "పానం గుంజుకపోతాంది", "బుగులైతాంది" అని రాసి, కింద డాక్టరు భాష రాసుకోవచ్చు. మూడు నెలల తర్వాత వేరే డాక్టరు చూసినప్పుడు ఆ మొదటి వాక్యమే అక్కరకొస్తుంది.

పలకరింపు గురించి ఫానన్ తొలి పుస్తకంలోనే రాశాడు. తెల్ల రోగి వస్తే మర్యాదగా కూర్చోమనే డాక్టరే, అరబ్బు గానీ నల్లమనిషి గానీ వస్తే చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు వంకర భాషలో మాట్లాడతాడని. తెలంగాణ యాసను సినిమాల్లో ఎట్ల వాడుకున్నారో మనం చాలా చెప్పుకున్నాం. ఓపీ గదిలో ఏం జరుగుతుందో మాత్రం చెప్పుకోం. మన పల్లెల్లో "నువ్వు" అనడం తప్పేం కాదు, దాని పక్కన అవ్వా, తాతా, అక్కా, అన్నా అని ఉంటే. వరస లేకుండా నువ్వు అంటే అది తక్కువ చేసి మాట్లాడటమే. వార్డులో అందరికీ ఒకటే నియమం పెట్టొచ్చు: వరస పెట్టి పిలవాలి, లేదా పేరు పెట్టి మీరు అనాలి.

పరీక్షల సంగతి కూడా ఇట్లాంటిదే. 1956లో ఫానన్, షార్ల్ జెరోనిమీ కలిసి బొమ్మలు చూపించి కథ చెప్పించే ఒక మనస్తత్వ పరీక్షను అల్జీరియా ముస్లిం స్త్రీల మీద వాడి చూశారు. బొమ్మల్లో ఉన్నదంతా యూరోపియన్ ఇళ్లు, యూరోపియన్ మనుషులు. ఆ ఆడవాళ్లు కథ చెప్పకుండా, బొమ్మలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టినట్టు చెప్పారు. ఊహాశక్తి లేదని రాసేసి ఊరుకోవచ్చు. కానీ ఏ బొమ్మా లేని తెల్లకార్డు చేతికిస్తే వాళ్లే బోలెడు కథ చెప్పారు.

మన దగ్గర జ్ఞాపకశక్తి పరీక్షల్లో చదువురాని అవ్వను "ఇవాళ తేదీ ఎంత, ఇది ఎన్నో అంతస్తు, నూరులోంచి ఏడు తీసుకుంట పో" అని అడిగి, సున్నా వేసి, మతిమరుపు జబ్బని రాయడం జరుగుతూనే ఉంది. హరియాణాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని ముసలివాళ్ల కోసం హిందీలో వేరే పరీక్షే తయారుచేశారు. ఆ దారిలోనే మనం తేదీకి బదులు "అమాస పోయిందా, పున్నమి పోయిందా", "పత్తి ఎన్నో తీత నడుస్తాంది", "ఈ వారం అంగడి ఎప్పుడు" అని అడగొచ్చు. లెక్కకు "వంద నోటిచ్చి ఏడు రూపాయల సామాను కొంటే ఎన్ని తిరిగిస్తడు" అనాలి. చదువుకున్నవాడి పరీక్షను చదువురానివాడికి పెట్టి వచ్చిన మార్కుల మీద మందు మొదలుపెడితే, అనవసరమైన మాత్ర లోపలికి పోతుంది, అసలు జబ్బు దొరకకుండా పోతుంది. థైరాయిడ్, బీ12, చెవుడు, కంటి పొర ముందు చూసుకోవాలి. చెవి వినబడక జవాబు చెప్పని అవ్వలు ఎంతోమంది.

పని దగ్గరికొస్తే, మన డేకేర్ సెంటర్లలో ఎక్కడ చూసినా కొవ్వొత్తులు, పేపరు కవర్లు. బ్లిడా బుట్టల కథే ఇది. పత్తి రైతును కవర్లు అంటించమంటే రెండో రోజు రాడు. రాకపోతే "మోటివేషన్ లేదు" అని రాస్తారు. చేరిన రోజే, జబ్బుకు ముందు ఏం పని చేసేవాడో, ఏ పనిలో నలుగురు మెచ్చుకున్నారో అడిగి రాసుకోవాలి. కొత్తవాడ వైపు జంపఖానా మగ్గం తెలిసినవాళ్లు దొరుకుతారు, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఆడవాళ్లకు బీడీలు చుట్టడం తెలుసు. బీడీలు మాత్రం వద్దు, ఆకు దుమ్ము, మెడనొప్పి చాలు. రైతుకు అయిదారు గుంటల జాగా, నీళ్లు ఉంటే చాలు: పాలకూర 25, 30 రోజుల్లో చేతికొస్తుంది, గోంగూర, బెండ ఆ వెనక వస్తాయి. ఎక్కువ రోజులు పట్టే పంటతో మొదలుపెడితే రోగి డిశ్చార్జి అయ్యేలోపు ఫలితం కనబడదు, ఉత్సాహం పోతుంది. ఎండలో 11 దాటాక పని పెట్టొద్దు, మానసిక జబ్బుల మందులు చాలావరకు ఒంటి వేడిని సర్దుకునే శక్తిని తగ్గిస్తాయి. అమ్మిన కూరగాయల డబ్బులు వాళ్లకే ఇవ్వాలి. ఇది దయ కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 20వ సెక్షన్ ప్రకారం రోగి చేత బలవంతంగా పని చేయించకూడదు, చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. బలవంతంగా గుండు కొట్టించకూడదని, సొంత బట్టలు వేసుకుంటానంటే యూనిఫారం తొడగకూడదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. సంకెళ్లు, గొలుసులు వేయడాన్ని, మత్తు ఇవ్వకుండా కరెంటు షాక్ పెట్టడాన్ని 95వ సెక్షన్ నిషేధించింది.

పండుగల్లో బతుకమ్మ ఆడవాళ్ల వార్డుకు తగినది. తంగేడు, గునుగు తెప్పించడం పెద్ద పని కాదు. గునుగు కాడలు కోసే పని మాత్రం నర్సులు ముందురోజే ముగించాలి, వార్డులోకి కత్తి, కత్తెర రాకూడదు. తాంబాళం ఇత్తడిది బరువుగా ఉంటుంది, పళ్లెం గానీ వెదురు సిబ్బి గానీ చాలు. పేర్చడం తెలిసిన పెద్దామెను పేషెంట్లలోంచే ఎన్నుకొని, ఆమె చెప్పినట్టు మిగతావాళ్లు, నర్సులు కూడా, పూలు అందించాలి. రోజూ మందులు మింగమని చెప్పించుకునే మనిషి ఆ గంటసేపు పదిమందికి పని చెబుతుంది. ఒక జాగ్రత్త: పుట్టింటి పాటలు వచ్చినప్పుడు, ఇంటివాళ్లు వదిలేసిపోయిన ఆడవాళ్లకు దుఃఖం ఆగదు. పాట ఆపొద్దు, ఆమెను పక్కకు తీసుకుపోవద్దు కూడా. పక్కన ఒక నర్సు కూర్చుంటే చాలు. మగవాళ్ల వార్డులో ఒగ్గు కథ పెట్టించొచ్చు, పీర్ల పండుగ ఊళ్లలో అందరిదీ కాబట్టి అదీ గుర్తుపెట్టుకోవచ్చు. రోజువారీగా మాత్రం ఫానన్ కాఫీ దుకాణానికి మన దగ్గర సాటి వచ్చేది చాయే. స్టీలు గ్లాసులో పోసి మంచం దగ్గరికి తెచ్చిచ్చే చాయ్ కాదు, ఒక మూల బల్ల వేసి, రోగులే వంతులవారీగా కాచి, డాక్టరు కూడా అక్కడికే వచ్చి తాగే చాయ్.

ఫానన్‌ను మందులకు వ్యతిరేకి అనుకునేవాళ్లున్నారు. అది తప్పు. సెయింట్ అల్బాన్‌లో తోస్కెల్‌తో కలిసి షాక్ చికిత్స మీద వ్యాసాలు రాశాడు, ట్యునిస్‌లో కొత్త మందులు వాడి ఫలితాలు అచ్చేశాడు. మందు పనిచేసేది రోగి బతుకులోనే అనేది ఆయన దగ్గర నేర్చుకోవాలి. మన దగ్గర రెండు ఉదాహరణలు. స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకు ఇచ్చే ఒలాంజపిన్, క్లోజపిన్ రక్తంలో ఎంత నిలుస్తాయనేది పొగ మీద ఆధారపడి ఉంటుంది. బీడీ పొగ కాలేయంలో ఆ మందును తొందరగా విరగ్గొడుతుంది. వార్డులో బీడీ లేదు కాబట్టి మందు బాగా పట్టింది. ఇంటికి పోయి రోజుకు ఒక కట్ట కాలిస్తే జబ్బు తిరగబెట్టొచ్చు. ఇంటివాళ్లు "మందు పనిచేస్తలేదు" అంటారు. డిశ్చార్జి రోజే బీడీల లెక్క అడిగి డోసు తేల్చుకోవాలి. రెండోది లిథియం, బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు. రక్తంలో దాని మోతాదు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేట్టు చూస్తారు, పరీక్షకు రక్తం ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. ఎండాకాలం నీళ్లు తక్కువ తాగి, చెమట కక్కుతూ పనిచేస్తే ఆ మోతాదు పెరుగుతుంది. దానికితోడు ఒళ్లు నొప్పులని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే డైక్లోఫెనాక్ సూది వేస్తాడు, అదీ లిథియంను పెంచుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం మొదలైతే మాత్ర ఆపి వెంటనే దవాఖానకు రావాలని, ఎక్కడ సూది వేయించుకున్నా ముందు లిథియం చీటీ చూపించాలని ఇంటివాళ్లకు చెప్పి పంపాలి.

1952లోనే ఫానన్ ఇంకో వ్యాసం రాశాడు, ఉత్తరాఫ్రికా కూలీల గురించి. ఫ్రాన్స్‌లో వలస కూలీలు ఒళ్లంతా నొప్పులని వచ్చేవాళ్లు, పరీక్షల్లో ఏమీ తేలేది కాదు, డాక్టర్లు దొంగ జబ్బు అనుకునేవాళ్లు. వాడు ఎక్కడ పడుకుంటాడు, ఎవరితో మాట్లాడతాడు, రేపటి మీద వాడికున్న భయమేంటి అని అడగకుండా నొప్పిని కొలవలేమన్నాడు ఫానన్. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దవాఖానల్లో పనిచేసేవాళ్లకు ఈ రోగి బాగా తెలుసు, దుబాయి నుంచో, సౌదీ నుంచో వచ్చి ఉంటాడు. ఛాతీలో మంట, కాళ్లు తిమ్మిర్లు, నిద్ర లేదు. ముందు షుగర్, కిడ్నీ పరీక్షలు చేయాలి, మండుటెండల్లో ఏళ్లతరబడి పనిచేసిన ఒళ్లు కాబట్టి ఆ పరీక్షలు వదలకూడదు. అవి బాగుంటే అడగాల్సినవి వేరే ఉన్నాయి. కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా (పేరుకే ఒక యజమాని, పని వెతుక్కోవలసింది తనే)? ఏజెంటుకు ఎంత కట్టాడు, ఆ అప్పు నూటికి ఎంత వడ్డీ మీద తెచ్చాడు, ఇంకా ఎంత మిగిలింది? పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండేది? ఖల్లివెల్లి అయి, అంటే యజమాని దగ్గర్నుంచి పారిపోయి, దొంగతనంగా పనిచేశాడా? ఒక్కో గదిలో ఎంతమంది? ఇంట్లో ఎవరెవరు చనిపోయినప్పుడు రాలేకపోయాడు? ఈ ఆఖరి ప్రశ్న దగ్గర చాలామంది మాట ఆగిపోతుంది. అప్పు సంగతి తెలియకుండా డిప్రెషన్ మాత్ర రాసిస్తే, పదో రోజుకు మళ్లీ వీసా కోసం తిరుగుతుంటాడు.

1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులు దేశమంతా చూసింది. మనిషి జబ్బుకు ఒంటి కారణాలతో పాటు సమాజపు కారణాలు కూడా రాయాలని ఫానన్ తొలి పుస్తకం ముందుమాటలోనే అన్నాడు. మన కేసు షీట్లలో ఆ గడి ఇప్పటికీ ఖాళీ. పురుగులమందు తాగినవాళ్ల విషయంలో ఇంటివాళ్లు పోలీసు కేసు భయంతో గంటలు పోగొడతారు. ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టం 115వ సెక్షన్ చెబుతుంది. ఆ ఒక్క మాట ఊళ్లో ఆశా కార్యకర్త నోటివెంట రావాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, డబ్బా వెంట తీసుకొని రావాలి. మోనోక్రోటోఫాస్ లాంటి మందయితే రెండోరోజు తేరుకున్నట్టు కనిపించగానే ఇంటికి తీసుకుపోతామంటారు. ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్యలోనే మెడ నిలవకపోవడం, ఆ వెనక ఊపిరి ఆడకపోవడం వస్తుంది. అందుకే తల దిండు మీంచి ఎత్తగలుగుతున్నాడా అని పూటపూటకు చూస్తుండాలి.

ఇక హింస. మొదటి అధ్యాయం చదివి పుస్తకం మూసేసేవాళ్లు అయిదో అధ్యాయం తప్పకుండా చదవాలి. అది కేసు షీట్ల వరస. బాధితులే కాదు, చిత్రహింసలు పెట్టిన పోలీసు అధికారి కూడా అందులో రోగే. ఇంట్లో పెళ్లాం బిడ్డలను కొట్టడం ఆపుకోలేక వచ్చాడు, కానీ ఉద్యోగం మానడట. మనసు కుదుటపడి అదే పని చేసుకునేట్టు చేయమన్నాడు. కరెంటు పెట్టించుకున్నవాళ్లు స్విచ్చు ముట్టుకోవడానికీ, రేడియో పెట్టడానికీ భయపడటం, మత్తు సూది ఇచ్చి నిజం చెప్పించిన తర్వాత డాక్టరుతో ఏకాంతంగా మాట్లాడటానికే జంకడం ఆయన వివరంగా రాశాడు. పోలీసు దెబ్బలు తిన్నవాళ్లు మన ఓపీలకూ వస్తారు. వాళ్లకు ఈసీజీ వైర్లు పెట్టేముందు ప్రతి వైరు చూపించి, దీంట్లోంచి కరెంటు ఒంట్లోకి రాదని చెప్పాలి. గది తలుపు వాళ్లకు కనబడేట్టు కుర్చీ వేయాలి. సూది ఇచ్చేముందు అందులో ఏముందో, ఎందుకో చెప్పాలి. షాక్ చికిత్స అవసరమనిపించినా, ముందు ఆ మనిషికి కరెంటుతో ఏం గతం ఉందో అడగకుండా మాటెత్తొద్దు.

ఆయన ప్రభావం దేశదేశాల్లో ఎట్ల పాకిందో చెప్పాలంటే వేరే పోస్టు కావాలి. బ్రెజిల్‌లో విద్యావేత్త పాలో ఫ్రేరీ, దక్షిణాఫ్రికాలో ఉద్యమకారుడు స్టీవ్ బికో, కెన్యాలో రచయిత గూగీ వా థియాంగో, అందరి మీదా ఆ నీడ ఉంది. మానసిక వైద్యంలో మాత్రం ఇటలీ ఫ్రాంకో బజాలియా ముఖ్యం. ఫానన్ రాజీనామాను తన రాతల్లో చర్చించిన డాక్టరు ఆయన. 1978లో పిచ్చాసుపత్రులను మూసే చట్టం ఇటలీలో వచ్చిందంటే, ఆ ఉద్యమానికి ముందు నడిచింది బజాలియానే.

ఫానన్ ఆఖరి వైద్య ప్రయోగం ట్యునిస్‌లోని షార్ల్ నికోల్ ఆస్పత్రిలో నడిపిన పగటి ఆస్పత్రి. రోగి పొద్దున వస్తాడు, సాయంత్రం ఇంటికి పోతాడు. ఇల్లు, పనిచోటు, జబ్బును రేపే గొడవలు అన్నీ అట్లనే ఉంటాయి, వాటి మధ్యనే చికిత్స జరుగుతుంది. దాన్ని మామూలు ఆస్పత్రిలోనే పెట్టాలి, ఊరవతల వేరే పెద్ద కట్టడం వద్దన్నాడు. మంచి లెక్కలతో పాటు దాని హద్దుల గురించి కూడా 1959లో రాశాడు. మనకు ఎదురయ్యే హద్దు ఎక్కువగా దూరమే. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు 100 కిలోమీటర్లు, రోజూ వచ్చిపోవడం కుదిరేది కాదు. హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కలవాళ్లకు పగటి సెంటరు, దూరం ఊళ్లవాళ్లకు ఏరియా ఆస్పత్రిలో వారానికి ఒకరోజు, అదీ అంగడి రోజు, పెడితే వచ్చేవాళ్లు పెరుగుతారు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ ఉంది, మగవాళ్లకు ఛార్జీలే అడ్డం. వాళ్ల కోసం వైకల్య సర్టిఫికెట్‌కు ముందే దరఖాస్తు పెట్టించాలి. మానసిక జబ్బుకు అందులో చూసేవి నాలుగు: సొంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, చెప్పింది అర్థం చేసుకొని తిరిగి చెప్పడం, పని. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో దానికి ఇంకో 1 నుంచి 4. మొత్తం 7 వస్తే 40 శాతం వైకల్యంగా లెక్క, అక్కడి నుంచి బస్సు పాసుకు, పెన్షనుకు దారి దొరుకుతుంది. సర్టిఫికెట్ కోసం పరీక్షించే క్యాంపు రోజు ఇంటివాళ్లు పరువు కోసం "మంచిగనే ఉంటడు సార్" అంటారు, మార్కులు అక్కడే పోతాయి. గడిచిన నెలరోజుల్లో ఎన్ని పూటలు చెప్పకుండా స్నానం చేశాడు, ఎన్ని రోజులు పనికి పోయాడు అని ముందే కాగితం మీద రాయించి చేతికిచ్చి పంపాలి. దవాఖానకు రాలేనివాళ్లకు, రాత్రిపూట బుగులు పట్టినవాళ్లకు ఫోన్‌లో మానసిక సాయం ఇచ్చే సర్కారు టెలి మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.